ఇంట్లో ఉన్న కాయ

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు పట్టుబడితే, "నాకు కవిత్వం రాదు, కథ రాదు, ప్రాక్టికల్ రికార్డు తప్ప ఇంకేదీ రాసిన పాపాన పోలేదు" అని తప్పించుకోబోయాను. "నీకు బాగా తెలిసిన సంగతేదో రాయవోయ్" అన్నారు. రాత్రి పడుకుని లెక్క చూసుకుంటే నాకు బాగా తెలిసినవి రెండే తేలాయి. ఒకటి పత్తి చేను, రెండోది అష్టా చెమ్మా. పత్తి గురించి మా బాపు చెప్పాలి గాని నేను చెబితే నవ్వుతాడు. అందుకని అష్టా చెమ్మా గురించి రాస్తున్నాను. అందులోనూ ఒకే ఒక్క రూలు గురించి. ఆ రూలు నన్ను నాలుగేళ్లుగా వదలడం లేదు.

మాది మందమర్రి పక్క పల్లె. అటు సింగరేణి క్వార్టర్లు, ఇటు మా చేలు, మధ్యన ఒక రోడ్డు. తెల్లారి మేం చేనుకు పోతుంటే నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు ఎదురొస్తారు. మా వైపు ఆటకు పటం కొనే పని లేదు. గచ్చు మీద బొగ్గుముక్కతో గీస్తే అదే పటం. మందమర్రి చుట్టుపక్కల ఇంకేది దొరకకపోయినా బొగ్గుముక్క దొరుకుతుంది. నిలువు ఐదు, అడ్డం ఐదు, మొత్తం 25 గళ్లు. నాలుగు వైపులా నడిమి గడిలో ఒక్కొక్క ఇంటూ గుర్తు, సరిగ్గా మధ్య గడిలో ఇంకొకటి. నలుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. పేరుకే కాయలు. చింతగింజలు, మక్కగింజలు, పగిలిన గాజుముక్కలు, బొగ్గుపలుకులు, ఏవి చేతికందితే అవి.

నాలుగు గవ్వలు కలిపి విసరాలి. వెల్లకిలా ఎన్ని పడితే అన్ని గళ్లు నడక. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. అష్టకీ చెమ్మకీ ఇంకో పందెం వేసుకోవచ్చు. కాయ బయటి 16 గళ్లు చుట్టి, లోపలి 8 గళ్లు ఎదురు దిక్కున తిరిగి, నడిమి గడికి చేరితే పండు. ఎదుటివాడి కాయ ఉన్న గడిలోకి మన కాయ లెక్కకు వచ్చి పడితే ఆ కాయ చచ్చినట్టు, మళ్లీ మొదటికి పోవాలి. ఒక్క కాయనైనా చంపనివాడికి లోపలి వరుసలోకి దారి లేదు. (ఈ చివరి రూలు ఎవరు పెట్టారో గాని మనుషుల గుణం ఎరిగినవాడే పెట్టి ఉంటాడు.)

ఇంటూ గీసిన గడిని మేం ఇల్లు అంటాం. ఇంట్లో ఉన్న కాయను ఎవరూ చంపకూడదు.

మా ఎదురింటి మామ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. చుట్టం కాదు, వరసకు మామ. తన కాయ ఇంట్లోకి రాగానే కాళ్లు చాపుకుని, "నేను సపోర్టు కిందున్న. ఇగ బండ పడ్డా నాకేం గాదు" అనేవాడు. భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట పైకప్పుకు ఆసరా పెట్టనిదే దాని కిందికి మనిషి పోకూడదు. అది గనుల చట్టంలోని మాట. ఆయనకు ఆ గడి అలాగే కనపడేది. అయితే ఎవరైనా పిల్లవాడు భయపడి కాయను ఇంట్లోనే పెట్టుకుని ఆడకుండా కూర్చుంటే మళ్లీ ఆయనే, "సపోర్టు కింద పానం భద్రమే బిడ్డా, గని అక్కడ్నే కూసుంటే బొగ్గెవడు తీస్తడు?" అనేవాడు.

మూల సూత్రం ఒక్క వాక్యమే. తగాదాలు మాత్రం ఆడినన్ని. ఒకే ఇంట్లో ఇద్దరు శత్రువుల కాయలు ఉండొచ్చా? ఉండొచ్చు, మా దగ్గర. ఎదుటివాడు బయలుదేరే ఇల్లు నాకూ ఇల్లేనా? ఇల్లే, పగవాడిదైనా ఇల్లే. బయటి గడిలో ఒకే మనిషివి రెండు కాయలు జంటగా ఉంటే ఒంటి కాయ వచ్చి వాటిని చంపగలదా? క్వార్టర్ల పిల్లలు చంపలేదంటారు, మా ఊళ్లో చంపుతుందంటారు. రోడ్డు దాటితే రూలు మారుతుంది. గవ్వ గోడకు ఆనుకుని పక్కకు నిలబడితే ఎలా లెక్క? దీని మీద మా ఊళ్లో చెంపదెబ్బల దాకా వెళ్లిన సందర్భాలున్నాయి, వివరాలు వద్దు. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. రూలు ఏమిటన్న ప్రశ్న ఆట మొదట్లో ఎవడూ వేయడు. తన కాయ చచ్చే ముందర వేస్తాడు, లేదా ఎదుటివాడి కాయ చావబోయే ముందర. అప్పుడు వాడు చెప్పే రూలు వాడి కాయ ఉన్న గడిని బట్టి ఉంటుంది.

నేనూ అలాగే చెప్పాను ఒకసారి. అదీ నేను రాయదలచుకున్నది.

నాలుగేళ్ల కిందటి వేసవి. నాకు 16, అక్కకు 19. అక్క మంచిర్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ ఏడు పత్తి సరిగా రాలేదు, సంబంధం మాత్రం మంచిది వచ్చింది. లక్సెట్టిపేట వైపు వాళ్లు, భూమి ఉంది, పిల్లవాడు బుద్ధిమంతుడు. (బావ ఇది చదువుతాడని రాయడం లేదు, నిజంగానే బుద్ధిమంతుడు.) "డిగ్రీ అయ్యేదాంక ఆగుదాం బాపూ" అని అక్క రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. లగ్గం పెట్టుకున్నారు.

పెళ్లి ఇంకా పదిహేను రోజులుందనగా ఒక మధ్యాహ్నం, బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఇంట్లో గచ్చు మీద ఆటకు కూర్చున్నాం. నేను, అక్క, చిన్నమ్మ పిల్లలిద్దరు. పక్కన నులకమంచం మీద నాయినమ్మ కునుకు తీస్తోంది. అక్క మూడు కాయలు పండ్లయిపోయాయి. నాలుగోది బయటి వరుసలో ఒక ఇంట్లో ఉంది. నా కాయ దానికి రెండు గళ్ల వెనక ఉంది. అక్క పందెం వేస్తే రెండు పడ్డాయి. రెండు గళ్లు ముందుకు పోతే ఇల్లు వదిలి బయట పడాలి, నా కాయకు సరిగ్గా నాలుగు గళ్ల దూరంలో.

"నేను కదుప" అంది అక్క.

"కదపాలె. ఇంకో కాయ లేదు గదా. పడ్డ పందెం వాడుకోవాల్సిందే."

"ఇంట్ల ఉంది. ఉండనీ."

"ఇంట్ల ఉంటే చంపొద్దన్నరు గాని కదలొద్దనలే. రూలు రూలే అక్కా."

నిజానికి నేను చెప్పింది తర్కానికి నిలబడే మాటే. ఇల్లు చావు నుంచి కాపాడుతుంది, నడక నుంచి కాపాడదు. రెండూ వేరువేరు. అక్క కాసేపు నా మొహం చూసి కాయను రెండు గళ్లు జరిపింది. చిన్నమ్మ పిల్లలిద్దరి పందేలు అయ్యాయి. నేను గవ్వలు విసిరాను. నాలుగూ వెల్లకిలా పడ్డాయి. చెమ్మ! ఎగిరి గంతేశాను. అక్క చచ్చిన కాయను తీసి చీరకొంగుతో తుడిచి మొదటి గడిలో పెట్టింది. అది మక్కగింజ, తుడవడానికేముంది దానికి? గవ్వలు నా వైపు తోస్తూ, "మీ రూళ్లన్నీ ఇంట్ల ఉన్నోళ్లను ఎల్లగొట్టనీకే ఉంటయి రా" అంది. నవ్వుతూనే అంది.

'మీ' అంది, 'నీ' అనలేదు. ఆ తేడా నాకు అప్పుడు వినపడలేదు. ఆట నేనే గెలిచాను. పెళ్లి బాగా జరిగింది.

తర్వాత నేను ఈ కాలేజీకి వచ్చాను, హాస్టల్లో చేరాను. అక్కడ ఒక సీనియర్ దగ్గర డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పుస్తకం చూశాను. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అచ్చు వేసిన ఆట. యాభై ఏళ్లు దాటినా రూళ్లు మార్చుకుంటూ ఇంకా వస్తూనే ఉంది. పటం ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు ఆ కథలో ఒక్కొక్క వీరుడి పాత్ర తీసుకుంటారు. ఏం చేయదలచుకున్నారో నోటితో చెబుతారు, జరిగిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. ఒగ్గు కథ వింటూ మధ్యలో లేచి, "ఆగు, బీరప్ప ఇప్పుడు ఆ దారిన పోడు, ఈ దారిన పోతడు" అని మనమే చెప్పినట్టు. మా జట్టులో ఐదుగురం. పుస్తకం ఒకటి, ఇరవై ముఖాల పాచిక ఒకటి. పల్లెటూరివాణ్ణి, గొంతు పెద్దదని కథ నడిపే పని నాకు కట్టబెట్టారు. ఆ పని చేసేవాడు సగం కథకుడు, సగం పంచాయతీ పెద్ద. రూలు మీద తగాదా వస్తే తీర్పు వాడిదే.

ఆ ఆటలో నన్ను కట్టిపడేసింది సేవింగ్ త్రో అనే పద్ధతి. మేం దాన్ని గండం పందెం అన్నాం. మీ వీరుడి మీదికి డ్రాగన్ నిప్పులు ఊదింది. అష్టా చెమ్మాలో అయితే అంతే సంగతులు. ఇక్కడ అలా కాదు, చివరగా ఒక్క పాచిక వేసే హక్కు ఉంది. 1974 నాటి రూళ్లలో కొత్తగా బయలుదేరిన యోధుడికి డ్రాగన్ ఊపిరి నుంచి గండం గడవాలంటే ఇరవై ముఖాల పాచిక మీద 15 గాని అంతకన్నా ఎక్కువ గాని పడాలి. అంటే నూటికి ముప్పై పాళ్లు. గైగాక్స్ 1979లో రాసిన పుస్తకంలో ఈ ప్రశ్న తనే లేవనెత్తాడు: బండకు గొలుసులతో కట్టేసిన మనిషి మీద డ్రాగన్ నిప్పు ఊదితే వాడికి కూడా గండం పందెం ఇవ్వాలా? ఇవ్వాలనే అన్నాడు. బండలో ఒక చీలిక ఉండొచ్చు, గొలుసులో ఒక కడియం నాసిరకంది కావచ్చు. ఎలా తప్పించుకున్నాడన్నది పాచిక పడ్డాక వెతుక్కోవచ్చు, ముందు పాచిక వేయనివ్వాలి అన్నది ఆయన వాదం. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. మన వైకుంఠపాళిలో చూడండి, పరమపదానికి నాలుగు గళ్ల దూరంలో ఉన్నా సరే పాము నోట్లో పడ్డామా, జారవలసిందే. ఎంత పుణ్యం చేసుకుని నిచ్చెనలెక్కి వచ్చినా పాముకు అనవసరం.

గండం పందెం ఒకటి, అభేద్యత ఒకటి. రెండోది మన ఇల్లు లాంటిది. విషం అంటని జీవి మీద విషం పోస్తే అసలు పాచిక వేసే పనే లేదు. పందెం వేయాల్సి వచ్చిందంటేనే ఓడిపోయే వీలుందన్నమాట. ఇంతవరకు తేలికే. చిక్కంతా మాటల్లో ఉంటుంది. కొత్త పుస్తకాల్లో విషం వల్ల కలిగే దెబ్బ వేరు, విషం ఎక్కిన స్థితి వేరు. ఒకటి అంటదని రాసి ఉంటే రెండోది కూడా అంటదని అర్థం కాదు. దాన్ని విడిగా రాసి ఉండాలి.

మా ఆటలో వచ్చిన తగాదా ఇది. ఒక మిత్రుడు ఎల్ఫ్ పాత్ర తీసుకున్నాడు. ఎల్ఫులంటే మన యక్షుల లాంటివాళ్లనుకోండి. చీకటి గుహలో శత్రువులు వాడి మీద మందు పూసిన బాణం వేశారు. ఆ మందుకు గండం పందెం 13. తప్పితే విషం ఎక్కుతుంది, ఐదు గాని అంతకంటే ఎక్కువ గాని తేడాతో తప్పితే స్పృహ పోతుంది. మావాడికి అన్నీ కలిపి 6 పడింది. నేను "పడిపోయావు" అన్నాను. వాడు పుస్తకం నా ముందు పెట్టి, "ఎల్ఫులకు నిద్ర పట్టించడం ఎవడి తరం కాదు, చూడు" అన్నాడు. చూశాను. "మంత్రంతో నిద్రపుచ్చలేరు అని ఉంది. మందుతో నిద్రపుచ్చలేరని లేదు. నిన్ను కొట్టింది మంత్రం కాదు, మందు" అన్నాను. వాడు పడిపోయాడు, శత్రువులు ఈడ్చుకుపోయారు. పదివారాలు పెంచిన పాత్ర. వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు, మెస్సులో వేరే బల్ల మీద కూర్చున్నాడు.

తీర్పు తప్పు కాదు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. మన పురాణాలు నేర్పిందే అది. రావణుడు దేవతల వల్ల, గంధర్వుల వల్ల, రాక్షసుల వల్ల చావు వద్దన్నాడు, మనుషుల్ని లెక్కలోకి తీసుకోలేదు. హిరణ్యకశిపుడు అంతకన్నా తెలివైనవాడు. మనిషి వల్ల వద్దు, మృగం వల్ల వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు, పగలొద్దు, రాత్రొద్దు, నేల మీద వద్దు, నింగిలో వద్దు అని సందు లేకుండా గోడ కట్టుకున్నాననుకున్నాడు. ఆ గోడలో గడప అనే సందు ఉంది, సంజె అనే సందు ఉంది, సగం మనిషి సగం సింహం అనే సందు ఉంది. మా ఇంటిల్లిపాదీ మొక్కేది ఆ సందులోంచి వచ్చిన దేవుడికే. గోదావరి ఒడ్డున ధర్మపురిలో ఉన్నాడు నరసింహస్వామి. అక్కడే యమధర్మరాజుకు కూడా గుడి ఉంది. ధర్మపురికి పోయినవాళ్లకు యమపురి లేదని మా వైపు సామెత. నాయినమ్మ ఎన్నిసార్లు పోయివచ్చిందో లెక్క లేదు. "మరి దవాఖానకెందుకు పోతవ్ నాయినమ్మా?" అని అడిగితే, "యమపురికి పోనన్నరు బిడ్డా, మోకాళ్లు నొయ్యవని ఎవరన్నరు?" అంది. పుస్తకం చూడకుండానే దెబ్బ వేరు, స్థితి వేరు అని తేల్చేసింది.

మాటను ఎక్కువగా చదువుకుంటే ఏమవుతుందో మా చేలోనూ చూశాను. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువులు పెట్టిన రకం 2006లో వచ్చింది. "దీనికి పురుగు పట్టది" అని ఊరంతా అనుకున్నారు. ఏ పురుగు? కాయ తొలిచే పురుగులకు మాత్రమే ఆ రక్షణ. రసం పీల్చే పచ్చదోమ, తెల్లదోమలకు అది అష్టా చెమ్మాలో మామూలు గడి. చుట్టూ ఐదు వరుసలు మామూలు పత్తి వేయమని ప్యాకెట్‌తో పాటు చిన్న పొట్లం ఇచ్చేవాళ్లు. పురుగు విషానికి అలవాటు పడకుండా ఉండటానికి, మామూలు పత్తి మీద బతికిన పురుగులతో అలవాటు పడిన పురుగులు కలిసి ఆ గుణం పలచబడటానికి. దాన్ని చాలామంది గట్టు మీద పారేశారు, మా బాపుతో సహా. చివరికి గులాబీ రంగు పురుగు రెండు జన్యువుల గోడనూ దాటింది. ఇంకా రాయగలను గాని ముందే చెప్పాను కదా, పత్తి బాపు సబ్జెక్టు.

మళ్లీ ఆటకు వస్తాను. ఎల్ఫు తగాదా తర్వాత నా తీర్పుకు బలం వెతుక్కుందామని పాత ఆటల మీద రాసిన పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. అందులో పచ్చీసు గురించి ఉంది. పచ్చీసు అష్టా చెమ్మాకు అక్క లాంటిది. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ముంగిట్లో రాతి మీద గీసిన పటం ఇప్పటికీ ఉంది. 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న లూడో ఈ ఆట నుంచి పుట్టిందే. పచ్చీసు పటంలోనూ ఇంటూ గుర్తు గళ్లున్నాయి, మొత్తం పన్నెండు, వాటిలో కాయకు చావు లేదు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. పడిన పందేన్ని ఆటగాడు వాడుకోవచ్చు, ఇష్టం లేకపోతే వదిలేయవచ్చు. కాయ బయటికి వస్తే చస్తుందని భయమున్నప్పుడు గట్టి గడిలోనే ఉండిపోవచ్చు.

ఆ వాక్యం రెండుమూడుసార్లు చదివాను. లైబ్రరీలో కూర్చున్న నాకు మా గచ్చు, మక్కగింజ, కొంగు కనపడ్డాయి.

పచ్చీసు రూలు అష్టా చెమ్మాకు పనికిరావాలని లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఎల్ఫును పడగొట్టినవాణ్ణి. అందుకని ఇంటికి ఫోన్ చేసి నాయినమ్మను అడిగాను. "నాయినమ్మా, అష్టా చెమ్మాల కాయ ఇంట్ల ఉండి, వేరే కాయ లేకుంటే, పందెం పడ్డంక కదలాల్నా?"

"గదేం ముచ్చట? కదిలితే కదులుతది, లేకుంటే పందెం పాయె. ఇంట్ల ఉన్నదాన్ని గుంజి బయటేస్తరా ఎవలన్న?"

"మరి కదలాలె అని నాకెవరు చెప్పిండ్రు?"

"నాకేం ఎరుక? గా క్వార్టర్ల పోరగాండ్లతోని ఆడుతుంటివి గదా."

నిజమే. కదలాల్సిందే అన్నది రోడ్డు అవతలి రూలు. వాళ్ల ఆటకు అది రూలే, వాళ్ల తప్పేం లేదు. మా ఇంట్లో మా రూలు వేరే ఉంది. జంట కాయల సంగతి వచ్చినప్పుడు "ఇది మా ఊరు, ఇక్కడ జంటకు రక్షణ లేదు" అని గట్టిగా వాదించేవాణ్ణి నేనే. అక్క కాయ నాకు నాలుగు గళ్ల దూరంలో పడేటప్పుడు మాత్రం రోడ్డు దాటి రూలు తెచ్చుకున్నాను. అబద్ధం చెప్పలేదు, ఎక్కడో ఒకచోట ఉన్న రూలే చెప్పాను. తెలిసి చేశానా తెలియక చేశానా అని ఇప్పుడు ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. పిల్లకు అన్నం పెడుతోంది, స్పీకరు పెట్టింది. చెప్పాను. కాసేపు పిల్ల ఏడుపే వినపడింది.

"నాకు తెల్సు రా" అంది.

"తెల్సా? మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఇందురా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తనే మాట మార్చి, ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి ఫీజు కట్టానని, బావే తీసుకుపోయి కట్టించాడని, ఫిజిక్సులో ఏమన్నా తెలియకపోతే నాకు ఫోన్ చేస్తానని చెప్పింది. "నీ రికార్డు రాతకు మస్తు పేరట గదా" అని నవ్వింది.

మొన్న బతుకమ్మకు అక్క వచ్చింది. సద్దుల బతుకమ్మ మర్నాడు, దసరాకు ముందు, మళ్లీ బొగ్గుముక్క తీశాం. నేను, అక్క, చిన్నమ్మ కూతురు, ఎదురింటి మామ. నేను ఒక ప్రతిపాదన పెట్టాను. చచ్చిన ప్రతి కాయకు ఒక గండం పందెం ఇద్దాం. అష్ట గాని చెమ్మ గాని పడితే కాయ బతికి ఉన్నచోటే ఉంటుంది, కొట్టినవాడు వెనక్కి పోతాడు.

"అష్టనో చెమ్మనో పడుడు ఎన్నిట్ల ఒకటి?" అని అడిగింది అక్క.

నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. అష్టకు ఒకటి, చెమ్మకు ఒకటి. అంటే ఎనిమిదింట ఒకటి. (గవ్వ రూపాయి బిళ్ల కాదు, దాని రెండు వైపులూ సమానం కావు, ఒక్కో గవ్వకు ఒక్కో అలవాటు ఉంటుంది. అయినా లెక్కకు అలా అనుకోవాలి.) చెప్పాను. అమెరికా ఆటలో నూటికి ముప్పై అని కూడా చెప్పాను.

"గంతేనా? నీకన్న గా డ్రాగనే నయం గదరా. రెండు పడ్డా బతికినట్టే అనాలె" అంది.

రెండుకు పదహారింట ఆరు. అష్ట, చెమ్మ కలుపుకుంటే ఎనిమిది, సరిగ్గా సగం. చావుకు, బతుకుకు సమానం. మామ "గట్లయితే ఆటెప్పుడు ఒడుస్తది?" అన్నాడు. అక్క వినలేదు. ఇంకొకటి కూడా మొదటి పందెం వేయక ముందే చెప్పింది: "ఇంట్లున్న కాయ కదలాల్నా వద్దా అన్నది ఆ కాయ ఉన్నోళ్ల ఇష్టం. మల్ల నడుమ ఎవలు మాట్లాడొద్దు." నా వైపు చూడకుండానే చెప్పింది. నేను సరేనన్నాను. నాయినమ్మ మంచం మీద నుంచి, "ఎనకటి నుంచి గదే గదా" అని గొణిగింది.

ఆట పొద్దు గుంకేదాకా సాగింది. మామ అన్నట్టే ఎవరి కాయా ఓ పట్టాన చావదు. అక్క మాత్రం ఒక్కసారి కూడా ఇంట్లో ఆగలేదు. పడ్డ పందెం పడ్డట్టే నడిపింది, రెండుసార్లు చచ్చింది, ఒకసారి గండం గడిచింది. చివరికి నా కాయ ఒకటి ఆమె కాయకు దొరికింది. నా గండం పందెం వేయడానికి గవ్వలు తీసుకోబోతుంటే మా మేనకోడలు ముందే గుప్పిట్లోకి లాక్కుని, రెండు చేతులా ఊపి, విసిరేసింది. రెండు గవ్వలు బోర్లా పడ్డాయి. ఒకటి వెల్లకిలా పడింది. నాలుగోది దొర్లుకుంటూ పోయి గడపకు ఆనుకుని పక్కకు నిలబడింది.

బోర్లా పడ్డట్టయితే నేను చచ్చాను. వెల్లకిలా పడ్డట్టయితే బతికాను. మామ వంగి చూసి బోర్లానే అన్నాడు. చిన్నమ్మ కూతురు పిల్ల వేసిన పందెం చెల్లనే చెల్లదంది. నాయినమ్మ మంచం దిగి కళ్లజోడు వెతుక్కుంటోంది. నేను నోరు తెరిచేలోపల అక్క చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు చెప్పకు. నీ కాయ గది" అంది.